తొక్కం అవ్వ చెంబు నీళ్ళు

ఇప్పుడు మందుల షాపులో ఓ.ఆర్.ఎస్. అడిగితే నారింజ రుచి కావాలా, నిమ్మ రుచి కావాలా అని అడుగుతున్నారు. మా కాలంలో ఆ పొడికి ఒకటే రుచి. కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు పిల్లలకు ఆ పొడి గొప్పతనం గురించి నాలుగు మాటలు రాసిమ్మని ఈ మధ్య ఒకరు అడిగారు. గొప్పతనం మీ పుస్తకాల్లో ఉంది, చదువుకోండి. నేను రాసేది పుస్తకాల్లో ఎవరూ రాయనిది. ఒక ఊళ్ళో ఆ నీళ్ళు బిడ్డల నోటికి ఎలా చేరాయి, వాటిని ఎవరు ఆపారు, ఆపితే ఏమయింది అన్నది. పేర్లు రాయను. జాలితో కాదు. పేరు రాస్తే ఆ ఒక్కడే సిగ్గుపడతాడు; రాయకపోతే అలాంటివాళ్ళందరూ తమ గురించేనేమో అనుకుంటారు.

నేను తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో పుట్టాను. నాన్న ఫ్యాక్టరీ కూలీ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆదివారం చర్చిలో రెండూ. నర్సు ట్రైనింగ్ అయ్యాక కొన్నేళ్ళకు, ఎనభైల మొదట్లో, కనకమ్మ సత్రం దగ్గర బస్సు దిగి లోపలికి చాలా దూరం నడవాల్సిన ఒక ఊరి సబ్ సెంటర్‌లో నన్ను వేశారు. ఊరంతా తెలుగు రైతులు, వాళ్ళ చేలల్లో పనిచేసే తెలుగు కూలీలు.

నా పైన, పెద్ద సెంటర్‌లో ఇద్దరు. ఒకరు డాక్టరమ్మ. మద్రాసు నుంచి వచ్చిన తమిళావిడ, నాకంటే చిన్నది. చెడ్డ మనిషి కాదు. పై ఆఫీసు నుంచి ఫోను వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే రకం. రెండోవాడు హెల్త్ ఇన్‌స్పెక్టర్. ఆర్.కె.పేట వైపు పొలాలున్న కుటుంబం. నెల మీటింగులో మగ సిబ్బందికి కుర్చీలు, నర్సులకు గోడ. నేను చేరిన మొదటి మీటింగులోనే ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"ఏమ్మా, కాళ్ళు నొప్పులా? నడిచేదానికే గదా గవర్నమెంటు నీకు జీతం ఇచ్చేది" అన్నాడు ఇన్‌స్పెక్టరు అందరి ముందూ. నవ్వారు.

"నడిచి వచ్చినోళ్ళే గదా సార్ కూర్చోవాల్సింది. మీరు మోపెడ్ మీద వచ్చినారు" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత జరిగినదంతా ఆ కుర్చీ దగ్గరే మొదలయిందని ఇవాళ్టికీ నా నమ్మకం. కాదనేవాళ్ళు కాదనుకోవచ్చు, వాళ్ళు ఆ గదిలో లేరు.

ఎండలు ముదిరితే ఊళ్ళో చంటిపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకునేవి. అక్కడ దాన్ని మాందం అంటారు, పాలు అరగక కడుపు చెడిందని. చెడిన కడుపులో ఏమీ పోయకూడదని వాళ్ళ లెక్క. పాలు వద్దు, నీళ్ళు అసలే వద్దు. "నీళ్ళు పోస్తే నీళ్ళుగానే గదా నర్సమ్మా పోతాది" అని నాకే పాఠం చెప్పేవాళ్ళు. బిడ్డ చచ్చేది విరేచనం వల్ల కాదు తల్లీ, ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోయి ఎండిపోయి చస్తాడు అని నేను చెబితే, చదువుకున్నదాని చాదస్తం కింద జమకట్టేవాళ్ళు.

అలాంటప్పుడు పొట్లాలు వచ్చాయి. లీటరు నీళ్ళలో పొట్లమంతా కలపాలి. ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో కొంచెం కొంచెంగా పొయ్యాలి. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ పొయ్యాలి. రోజంతా పోస్తూనే ఉండాలి. ఇంతే వైద్యం. ఆ "పోస్తూనే ఉండాలి" దగ్గరే మా పని చెడిపోయేది. తల్లి పొద్దున్నే చెరకు తోటకు పోవాలి. నేనిచ్చిన పొట్లం తీసుకుపోయి, రెండు గుక్కలు పోసి, విరేచనం ఆగలేదని తక్కినది పారబోసేది. మందన్నది ఆపాలి కదా. ఈ మందు ఆపదు. విరేచనం దానంతట అది ఆగేదాకా బిడ్డను బతికించి ఉంచుతుంది. ఈ మాట అర్థం చేయించడానికి నేను గొంతు పోగొట్టుకున్నాను.

ఊళ్ళో తొక్కం తీసే అవ్వ ఒకామె ఉండేది. బిడ్డ గొంతులో ఏదో ఇరుక్కుంది, దానివల్లే కడుపు చెడిందని మంత్రం వేసి, నోట్లో వేలు పెట్టి తీయడాన్ని తొక్కం తీయడం అంటారు. తీశాక మణికట్టుకు దారం కట్టేది. విభూతి పెట్టి, తల్లిని తన అరుగు మీద కూర్చోబెట్టేది. పొద్దు వాలేదాకా బిడ్డను ఒళ్ళోంచి దించకూడదు, తల్లి లేవకూడదు, లేస్తే మంత్రం చెడుతుంది. నీళ్ళు మాత్రం చుక్క పోయనిచ్చేది కాదు. ఆ అరుగు మీద ఎండిపోతున్న బిడ్డలను చూసి ఆమెతో ఎన్నిసార్లు పోట్లాడానో. ఒకరోజు అలా పోట్లాడుతూ ఉండగానే నాకు తోచింది. నేను ఎంత అరిచినా చేయించలేని పని, తల్లిని రోజంతా బిడ్డ దగ్గర కూర్చోబెట్టడం, ఈమె ఒక దారంతో చేయిస్తోంది. ఏ అత్తా, ఏ మొగుడూ ఆ అరుగు మీది తల్లిని పనికి పిలవడు.

గొంతు తగ్గించి అడిగాను. "అవ్వా, తొక్కం తీసుకో. దారం కట్టుకో. నీళ్ళు మాత్రం పొయ్యనీ."

"నేను కట్టేది, నువ్వు విప్పేది. బాగుండాది వరస."

"నీ దారం నేను ముట్టుకోను. నా పొడి కలిపిన నీళ్ళు, అంతే."

"మీ ఏసు ఒప్పుకుంటాడా, నా విబూది పక్కన నీ పొడి పెడితే?"

"నువ్వు మీ మురుగన్ని అడుగు, నేను మా సామిని అడుగుతా. మనిద్దరి కంటే వాళ్ళే తొందరగా ఒప్పుకుంటారు."

అవ్వ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. వెంటనే ఒప్పుకోలేదు, బేరం పెట్టింది. "సరి. పొడి నీది, చెంబు నాది. కలిపేది నేను, మంత్రించేది నేను. పోసేది తల్లి. నువ్వు నడిమధ్యలో నోరు తెరవగూడదు."

నోరు తెరవకుండా ఉండడం నాకు ఎంత కష్టమో నా కింద పనిచేసినవాళ్ళకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. పాలు పోసే ఆవిడ దగ్గర లీటరు కొలత తెచ్చి, అవ్వ ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి, అవి నిలిచినచోట లోపల మేకుతో గీత గీశాం. గీత దాకా కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక పొట్లం, ఒక మంత్రం. తల్లి అరుగు మీద కూర్చుని చెంబు ఖాళీ అయ్యేదాకా చుక్క చుక్కగా పోసేది. చనుబాలు కూడా ఇవ్వొచ్చని ఇంకో పోట్లాట తర్వాత ఒప్పించాను. ఆ వేసవిలో అరుగు ఎక్కిన బిడ్డలందరూ నడిచో, చంకనెక్కో ఇంటికి పోయారు. ఊళ్ళో దానికి అవ్వ చెంబు నీళ్ళు అని పేరు పడింది. పొడి తెచ్చినదాని పేరు ఎవరూ తలవలేదు. మా చర్చిలో మాత్రం తలిచారు, మంత్రగత్తెతో పొత్తు పెట్టుకున్నానని. ఒక పెద్దావిడ నా పక్క నుంచి లేచి వేరే వరసలో కూర్చుంది. ఆవిడా పోయింది, నేనింకా మరచిపోలేదు.

జూలై నడుమ, ఆడి నెల మొదట్లో ఇన్‌స్పెక్టరు బావుల్లో బ్లీచింగ్ పొడి వేయించడానికి ఊళ్ళోకి వచ్చాడు. అవ్వ అరుగు మీద ఒక చిన్న వయసు తల్లి, ఏడాది దాటిన తొలిచూలు మగబిడ్డకు చెంబులో నీళ్ళు పోస్తోంది. విభూతి తట్ట పక్కన గవర్నమెంటు పొట్లాలు. నేను వీధి మొదట్లో ఉన్నాను, పరుగెత్తుకుని వచ్చేసరికి ఆయన అడుగుతున్నాడు.

"ఎవురిచ్చినారు ఇవి నీకు?"

"మా నర్సమ్మ" అంది అవ్వ, దాచకుండా.

"గవర్నమెంటు మందును మంత్రగత్తె ముందర పెట్టి పూజ చేస్తాండారా?" అంటూ కాలితో చెంబును తన్నాడు. చెప్పుకాలితో. నీళ్ళు అరుగు మీద నుంచి వీధిలోకి పారాయి. పొట్లాలు సంచిలో వేసుకుని, నావైపు చూసి, "ఆఫీసుకు రా, నీకు కుర్చీ వేసి పెడతా" అని మోపెడ్ ఎక్కాడు. ఆ బిడ్డకు తక్కిన నీళ్ళు నేను మా ఇంట్లో చక్కెర, ఉప్పు కలిపి తెచ్చి పోయించాను. తేరుకున్నాడు.

డాక్టరమ్మ పిలిపించింది. "ఎన్న సిస్టర్ ఇదు?" ఏంటి ఇదంతా అని, తమిళంలోనే మొదలుపెట్టింది.

"పిల్లలు బాగయినారా లేదా, అది అడగండి మేడమ్."

"బాగయ్యారు. అది కాదు ప్రశ్న. గవర్నమెంటు మందు మంత్రగాళ్ళ చేతుల్లో అని రేపు పేపర్లో వస్తే నా ఉద్యోగం ఎవరు కాపాడతారు?"

ఇక మీదట పొట్లాలు సబ్ సెంటర్లలో ఉండవు, పెద్ద సెంటర్‌లోనే, బిడ్డను తెచ్చి చూపిస్తేనే ఇస్తారు అని ఉత్తర్వు. ఊరి నుంచి అక్కడికి నడక, ఆపైన బస్సు. ఎండిపోతున్న బిడ్డ అంతసేపు ఆగుతాడా అని అడిగాను. రూలంటే రూలు సిస్టర్ అంది, నా ముఖం చూడకుండా. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు అటెండరుతో అంటున్నాడు, "అమ్మగారికి కుర్చీ వెయ్యప్పా, కాళ్ళు నొప్పులంట."

ఉత్తర్వు కంటే పెద్ద నష్టం ఊళ్ళో జరిగింది. అది నాకు అవ్వ ఇంటికి పోయాక తెలిసింది. చెంబు చింతపండుతో తోమి అటక మీద బోర్లించి ఉంది.

"మళ్ళా మొదలుపెడదాం అవ్వా. పొట్లాలు లేకపోతే చక్కెర, ఉప్పు ఉండాది."

"వద్దు. ఆ నీళ్ళు మంచివయితే ఆయప్ప ఏందికి తన్నినాడు? చదువుకున్నోడు. గవర్నమెంటు మనిషి. నీళ్ళు వద్దనే గదా అర్థం."

ఊరందరికీ అదే అర్థమయింది. ఆయన తన్నింది నన్ను, అవ్వను. వాళ్ళు చూసింది నీళ్ళను తన్నడం. ముందు నుంచీ అవ్వ చెప్పిన మాటే నిజం, గవర్నమెంటే వచ్చి నీళ్ళు పారబోసింది అని వీధి వీధినా చెప్పుకున్నారు. నేను ఇంటింటికీ తిరిగి కాదని చెప్పాను. ఉద్యోగంలో తిట్లు తిన్న మనిషి మాట ఎవరు వింటారు?

ఆడి కృత్తిక వచ్చింది. తిరుత్తణి కొండకు జనం పోటెత్తే రోజు. మా సిబ్బంది అంతా అక్కడ కలరా సూదులు వేసే పనిలో ఉన్నారు. నన్ను ఊళ్ళోనే ఉండమన్నారు. పొద్దున వంట చేసుకుంటూ ఉంటే పక్కింటామె చెప్పింది, ఆ తొలిచూలు బిడ్డకే మళ్ళీ వాంతులు, విరేచనాలు, తెల్లారుజాము నుంచి ఆగడం లేదు, అవ్వ దారం కట్టి పథ్యం పెట్టింది అని.

పోయి చూశాను. కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు, కన్నీళ్ళు లేవు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడింది. ఇంటికి పరుగెత్తి చక్కెర, ఉప్పు కలిపాను. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదని మాకు నేర్పారు, నాలుక మీద వేసుకుని చూసి తెచ్చాను. తల్లి ఉగ్గుగిన్నెతో పోసింది. రెండు మూడు గుక్కలకే బిడ్డ కక్కాడు. అత్త గిన్నె లాక్కుంది.

"చూసినావా? దొరలే వద్దని తన్నినారు గదా ఆ నీళ్ళను. నా మనవడే దొరికినాడా నీకు?"

"కక్కితే కాసేపాగి మళ్ళా పొయ్యాలత్తా. లోపల కొంచెం నిలిచినా చాలు."

"నువ్వు గమ్మునుండు నర్సమ్మా."

తల్లి నా చెయ్యి పట్టుకుంది. "అవ్వ ఒక్క మాట చెప్తే పోస్తానక్కా. మా అత్త ఆమె మాటకు ఎదురుచెప్పదు."

అవ్వ దగ్గరికి పోయాను. ఆమె అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఆయప్పను పిలుచుకొని రా. నా వాకిట్లో నిలబడి, నీళ్ళు మంచివే, నేనే తప్పుగా తన్నినా అని చెప్పమను. చెంబు దించుతా."

"బిడ్డ ఎండిపోతాండాడు అవ్వా."

"నాకు కండ్లు లేవా? మాట మార్చినానంటే రేపు నా దారం ఎవురు కట్టించుకుంటారు? నువ్వు ఇంకో ఊరికి పోతావు. నేను యాడికి పోను?"

ఎందుకు పోయావు, అక్కడే కూర్చుని బలవంతంగా పోయించి ఉండకూడదా అని తర్వాత చాలామంది అడిగారు. ఆ ఇంట్లో గిన్నె ముట్టుకోనివ్వని మనుషుల మధ్య ఎలా పోయిస్తారో వాళ్ళే వచ్చి చూపించాల్సింది. ఎవరూ చూడకుండా బిడ్డకు చనుబాలన్నా ఇస్తూ ఉండమని తల్లికి చెప్పి, రోడ్డు దాకా నడిచి, తిరుత్తణి బస్సెక్కాను.

పసుపు బట్టలు, కావడులు, గుండ్లు. ఆ జనంలో రేకుల షెడ్డు కింద ఇన్‌స్పెక్టరు సూదుల వరస చూస్తున్నాడు. పక్క బల్ల దగ్గర డాక్టరమ్మ. సంగతంతా చెప్పాను.

"ఒక్క మాట సార్. బస్సులో పోయి వచ్చేద్దాం. నీళ్ళు పొయ్యొచ్చని ఆమె వాకిట్లో మీరు చెప్తే చాలు."

"నేనా? ఆ యమ్మ వాకిట్లో నిలబడి చెప్పాల్నా?"

"బిడ్డ పోతాడు సార్."

"ఎత్తుకొని రమ్మను. ఈడ డాక్టరు ఉండాది, గ్లూకోస్ బాటిల్ ఉండాది. నువ్వు యూనిఫారం కట్టుకొని మంత్రగత్తెకు దూతగా వచ్చినావే, నీకు సిగ్గు లేదా?"

"దండం పెడతా సార్." నా సర్వీసులో ఆయనకు దండం పెట్టింది ఆ ఒక్కసారే.

ఆయన వరస వైపు తిరిగాడు. "చెయ్యి చూపించయ్యా, ఆ, నీకే చెప్పేది" అన్నాడు ఎవరితోనో. డాక్టరమ్మ అంతా విన్నది. తల ఎత్తకుండా బల్ల కింది పెట్టెలోంచి గుప్పెడు పొట్లాలు తీసి నా సంచిలో వేసింది. "యార్ కిట్టెయుమ్ సొల్లాదీంగ" అంది. ఎవరికీ చెప్పొద్దని. నలభై ఏళ్ళు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

తిరిగి ఊరు చేరేసరికి ఆ ఇంటికి తాళం. నేను పోయాక బిడ్డ కళ్ళు తేలేశాడట. తల్లి ఇక ఎవరి మాటా వినకుండా బిడ్డను భుజాన వేసుకుని రోడ్డుకు పరుగెత్తిందట, వెనక మొగుడూ, అత్తా. వాళ్ళ బస్సూ నా బస్సూ దారిలో ఎక్కడో ఎదురుపడి ఒకదాన్నొకటి దాటుకుని ఉండాలి. నా సంచిలో పొట్లాలున్నాయి.

జనం ఎక్కువై బస్సులను తిరుత్తణి ఊరి బయటే ఆపేస్తున్నారు. వాళ్ళు దిగి కావడుల మధ్య నడిచారు. వెనక వస్తున్న ఒక ముసలామె, "అమ్మా, బిడ్డ మెడ నిలపడం లేదే" అందట. అప్పుడు దించి చూసుకుంది. ఇంకా ఊళ్ళోకి కూడా చేరలేదు.

పండుగ రద్దీ తగ్గాక జీపులో విచారణకు వచ్చారు, డాక్టరమ్మా, ఇన్‌స్పెక్టరూ. ఆరోజు మధ్యాహ్నం నర్సు ఊళ్ళో లేదు అన్న మాట ఒకటి తల్లి నోట చెప్పించుకుంటే వాళ్ళ పని అయిపోతుంది. ఇన్‌స్పెక్టరే అడిగాడు. "చెప్పమ్మా, బిడ్డకు బాగలేనప్పుడు నర్సు ఈడ ఉండిందా, లేదా?"

ఆ పిల్ల తల వంచుకునే చెప్పింది. "అవ్వ పొయ్యమనింది, నర్సమ్మ పొయ్యమనింది. ఇద్దురూ ఒకే మాట చెప్పినప్పుడు నా బిడ్డ బతికినాడు సార్. ఆ పొద్దు మీరు తన్నింది నా బిడ్డ నీళ్ళనే. ఆ మాటను ఇరిచేసినారు. ఇప్పుడు వచ్చి నర్సమ్మ యాడ అంటాండారు."

అవ్వ తన అరుగు మీద నుంచి లేచి లోపలికి పోయింది. కాసేపటికి డ్రైవరు హారన్ కొట్టాడు.

ఆ మాట ఎక్కడా రాసుకోలేదు. అనుమతి లేకుండా ఊరు విడిచి పోయినందుకు నన్ను ఆర్.కె.పేట వైపు మార్చారు, ఇన్‌స్పెక్టరు బంధువులు నిండిన ఊరికి. ఆయనకు ప్రమోషన్ వచ్చింది. సన్మానానికి మా అందరి దగ్గరా చందా వసూలు చేశారు. నేను ఇవ్వలేదు. మూడుసార్లు అడిగించాడు, మూడుసార్లూ ఇవ్వలేదు. బదిలీ మీద నేను పై ఆఫీసులకు పెట్టిన అర్జీలకు జవాబు రాలేదు. రిటైరయ్యేదాకా పెడుతూనే ఉన్నాను. మా పిల్లలు ఇంక వదిలెయ్యమ్మా అనేవాళ్ళు. వదిలెయ్యమని చెప్పేవాళ్ళ చేతిలో ఏదీ ఉండదు కాబట్టి వాళ్ళకు సులభం.

రిటైరయ్యాక ఒకసారి తిరువళ్ళూరు స్టేషన్లో ఒక ముసలావిడ నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ. జుట్టు నెరిసిపోయింది, గొంతు మారలేదు. బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపు పిల్లల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడి, ఉన్నట్టుండి తమిళంలో అంది. "సిస్టర్, మీ బదిలీ విషయంలో నేను తప్పు చేశాను. ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉండకూడదు. చాలా ఏళ్ళు బాధపడ్డాను. నన్ను మన్నించండి."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆవిడకు తెలియదు. వస్తే ఏమనాలో వంటింట్లో, బస్సుల్లో, మీటింగుల్లో గోడకు ఆనుకుని నిలబడి ఎన్నో జవాబులు తయారుచేసి పెట్టుకున్నాను.

"బదిలీ పోనీండి మేడమ్. ఆ బిడ్డ?" అన్నాను.

ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు. కనుబొమలు ముడిచి నిజంగానే ఆలోచించింది.

"ఏ బిడ్డ, సిస్టర్?" అంది.

బండి వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, కదిలేటప్పుడు నవ్వుతూ చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.